అయోమోరిలో ఎవరి మంచు ఎవరు ఎత్తాలి?

జపాన్‌లో ఉద్యోగం అనగానే మనవాళ్ళ కళ్ళ ముందు కదిలేది టోక్యోనే. ఐటీ కంపెనీ, మనవాళ్ళు ఎక్కువగా ఉండే నిషికసాయ్ పేట చుట్టుపక్కల ఇండియన్ స్టోర్లు, మనవాళ్ళ పండగలు. పరాయి దేశమన్న బెరుకు నాలుగు వారాల్లో పోతుంది. కానీ లెక్క మెల్లగా మారుతోంది. జపాన్‌లో మనుషుల కొరత అసలు పీకల మీదికి వచ్చింది పల్లెల్లో, చిన్న నగరాల్లో. 2025 ఆగస్టులో భారత్, జపాన్ ప్రభుత్వాలు ఒక ప్రణాళిక ప్రకటించాయి. ఐదేళ్ళలో రెండు వైపులా కలిపి 5 లక్షల మందికి పైగా రాకపోకలు జరగాలి, అందులో 50 వేల మంది నైపుణ్యం ఉన్నవాళ్ళు మన దేశం నుంచి అక్కడికి వెళ్ళాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఇప్పటికే నర్సులకు, వృద్ధుల్ని చూసుకునే పనివాళ్ళకు జపాన్ భాష నేర్పించి పంపుతోంది. ఇలా వెళ్ళేవాళ్ళ చేతికి వచ్చే ఆఫర్ లెటర్‌లో టోక్యోయే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అయోమోరి అని ఉండొచ్చు. ఉంటే ఏమిటి సంగతి అన్నదే ఈ వ్యాసం.

అయోమోరి జపాన్ ప్రధాన దీవి హొన్షూకి ఉత్తరపు కొసన, సముద్రం ఒడ్డున ఉన్న నగరం, అదే పేరున్న జిల్లాకు (ప్రిఫెక్చర్) రాజధాని. జనాభా రెండున్నర లక్షల పైనే. టోక్యో నుంచి బుల్లెట్ రైల్లో 3 గంటల పైచిలుకు ప్రయాణం, అది కూడా 2010 డిసెంబరులో షింకన్‌సెన్ ఇక్కడిదాకా వచ్చాకే. అక్షాంశం చూస్తే న్యూయార్క్, నేపుల్స్‌ల వరసలోనే ఉంటుంది, ధ్రువానికి దగ్గరేమీ కాదు. జనవరి సగటు ఉష్ణోగ్రత కూడా సున్నాకు ఒక్క డిగ్రీ అటూ ఇటూ, అంతే. అయినా ఒక చలికాలంలో పడే మంచునంతా కలిపి కొలిస్తే సగటున ఐదున్నర మీటర్లు దాటుతుంది. ఈ స్థాయి జనాభా ఉండి ఇంత మంచు పడే నగరాలు ప్రపంచంలోనే బహు అరుదు.

కారణం చలి ఒక్కటే కాదు. సైబీరియా నుంచి వచ్చే గాలి ఎముకలు కొరికేంత చల్లటిది, కానీ పొడిగా ఉంటుంది. అది జపాన్ సముద్రం దాటేటప్పుడు కింద సుషిమా అనే వెచ్చటి ప్రవాహం ఉంటుంది. గాలి ఆ నీటి ఆవిరిని తాగేసి, మేఘాలై, తీరం దాటగానే హక్కోద కొండలకు కొట్టుకుని మోసుకొచ్చినదంతా అక్కడే దించేస్తుంది. ఆ కొండల్లోనే ఉన్న సుకాయు అనే వేడినీటి బుగ్గల ఊళ్ళో 2013 ఫిబ్రవరిలో నేల మీద మంచు మందం 566 సెంటీమీటర్లకు చేరింది. నగరంలో అంత ఉండదు. కానీ ఉష్ణోగ్రత సున్నా దగ్గరే ఊగిసలాడుతుంది కాబట్టి ఇక్కడి మంచు సినిమాల్లో చూపించే పొడి మంచు కాదు. తడిగా, బరువుగా ఉంటుంది, పగలు కాస్త కరిగి రాత్రి గడ్డకడుతుంది. ఈ బరువే అన్ని తగాదాలకూ మూలం.

చలికి తట్టుకోవడం గురించి కొత్తగా వెళ్ళేవాళ్ళు తెగ టెన్షన్ పడతారు. దానికి జాకెట్ కొనుక్కుంటే సగం పని అయిపోతుంది. ఎవరూ ముందుగా చెప్పనిది, అక్కడ మంచుకు యజమానులుంటారని. పెద్ద రోడ్డు మీద పడింది నగరపాలక సంస్థది. మీ వాకిట్లో, మీ గేటు ముందు ఉన్నది మీది. కప్పు మీద ఉన్నది ఇంటి ఓనరుది. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పడింది ఎవరిదన్నది అద్దె ఒప్పందంలో ఎక్కడో ఒక మూల రాసి ఉంటుంది, లేకపోతే అందరిదీ, అంటే ఎవరిదీ కాదు. ఈ పంపకాల్లో చాలా భాగం రాసి లేని అలవాటు. పుట్టినప్పటి నుంచీ అక్కడున్నవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. బయటి నుంచి వచ్చినవాడికి, పక్కింటాయన ముఖం మాడ్చుకున్నాక తెలుస్తుంది. చెప్పకపోవడం కూడా మర్యాదే అక్కడ.

ఒక రాత్రి ఎలా నడుస్తుందో చూద్దాం. అర్ధరాత్రి దాటాక వీధి చివర పసుపు లైటు గిర్రున తిరుగుతూ వస్తుంది, కిటికీ అద్దాలు సన్నగా అదురుతాయి, మంచు తోసే బండి ఇనప పలక రోడ్డును గీరుకుంటూ పోయిన చప్పుడు కాసేపు ఉండి ఆగిపోతుంది. తెల్లవారుజామున తలుపు తీస్తే రోడ్డు చక్కగా ఉంటుంది, మీ గేటు ముందు మాత్రం మోకాలెత్తు గట్టు. బండి రోడ్డు మధ్యలోంచి తోసిన మంచు, చక్రాల కింద నలిగి పెళ్ళలు పెళ్ళలుగా గట్టిపడింది, రెండు పక్కలా ఇళ్ళ ముందు చేరుతుంది. వాకిలి 3 మీటర్ల వెడల్పు, గట్టు అర మీటరు ఎత్తు, అర మీటరు మందం అనుకోండి. ముప్పావు ఘనపు మీటరు. గట్టిపడ్డ మంచు ఘనపు మీటరుకు 300 నుంచి 500 కిలోల దాకా తూగుతుంది. అంటే డ్యూటీకి బయల్దేరే ముందు పావు టన్ను పని. ప్లాస్టిక్ పార దిగదు, అల్యూమినియం పార కావాలి. దానితోపాటు స్నో డంప్ అని పెద్ద చేటలాంటి తొట్టి, రెండు చేతుల్తో పట్టుకునే వంపు కడ్డీతో వస్తుంది. దాన్ని ఎత్తకూడదు. నడుముతో తోసుకుంటూ పోవాలి. చేతుల బలంతో ఎత్తాలని చూసినవాడు వారంలో నడుం పట్టుకుని కూర్చుంటాడు.

నగరపాలక సంస్థకు ఫోన్ చేసి మీ బండి వేసిన గట్టు మీరే తీయండి అంటే? అది ఇంటివాళ్ళు తీసుకోవాలన్నదే అక్కడి నియమం. ఒక్కో ఇంటి ముందూ ఆగి ఎత్తుతూ పోతే తెల్లారేసరికి సగం నగరం కూడా పూర్తికాదు, ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఈ ఖర్చు భయంతోనే అయోమోరి 1999లో నగరాన్ని మూడు వలయాలుగా విభజించి, ఊరు బయటికి విస్తరించకుండా ఆపాలని ప్లాన్ వేసింది. ఊరు ఎంత పాకితే అంత రోడ్డు, ఎంత రోడ్డుంటే అంత మంచు ఎత్తాలి మరి. జనాన్ని మళ్ళీ నడిబొడ్డుకు లాగాలని స్టేషన్ ముందు 2001లో ఔగా అనే పెద్ద షాపింగ్ భవనం తెరిచారు. వ్యాపారం సాగలేదు, 2017లో పై అంతస్తుల దుకాణాలు మూసేశారు, తర్వాత నగరపాలక ఆఫీసులు అందులోకి వచ్చాయి. జనం మాత్రం చవగ్గా స్థలం, కారు నిలిపే చోటు దొరికే శివార్లనే కోరుకున్నారు. ప్లాన్ తప్పని నేననను. మంచు లెక్క మీద ఊరి నమూనాను మార్చాలన్న ఆలోచన తెలివైనదే. మనుషులు లెక్కలు చూసి ఇళ్ళు కొనరు, అంతే.

సరే, గట్టు తవ్వారు. ఎక్కడ వేస్తారు? చిక్కంతా ఇక్కడే. రోడ్డు మీదికి తోసేయడం చట్టరీత్యా తప్పు, కారు జారితే మీ మెడకు చుట్టుకుంటుంది. పక్కవాళ్ళ ఖాళీ స్థలంలో వేస్తే గొడవ. మన సందుల్లో కళ్ళాపి నీళ్ళు పక్కింటి వాకిట్లోకి పోతే రేగే పంచాయితీ గుర్తు తెచ్చుకోండి, అదే పంచాయితీ టన్నుల లెక్కన. కొన్ని పేటల్లో రోడ్డు పక్కన నీళ్ళు పారే కాలవలుంటాయి, పైన ఇనప జాలీ ఎత్తి మంచు అందులో వేస్తే కొట్టుకుపోతుంది. కానీ ఎవరి వీధికి ఏ వేళో పంచుకుని వాడాలి. అందరూ ఒకేసారి వేస్తే కాలవ పూడిపోయి నీళ్ళు రోడ్డెక్కుతాయి. ఇంకో మార్గం, చలికాలం మూడు నాలుగు నెలలు ఖాళీ స్థలాన్ని వీధివాళ్ళకు మంచు పోసుకోవడానికి ఇస్తే ఆ స్థలం యజమానికి ఆస్తి పన్నులో కొంత తగ్గించే పథకం. అయోమోరి నగరం దీన్ని నడుపుతోంది. చాలా మంచి ఆలోచన. అయితే అది నడిచేది చోనైకై ద్వారా.

చోనైకై అంటే పేట సంఘం. చందా కడతారు, నోటీసులు ఇంటింటికీ చేతులు మారుతూ తిరుగుతాయి, చెత్త వేసే చోటును వంతులవారీగా కడుగుతారు, ఆగస్టు మొదటి వారంలో జరిగే నెబుత పండక్కి పేటంతా కలుస్తుంది. చేరడం తప్పనిసరి కాదు. సభ్యుడు ఎప్పుడైనా మానుకోవచ్చని జపాన్ సుప్రీంకోర్టు 2005లోనే తీర్పు చెప్పింది. టోక్యోలో అపార్ట్‌మెంట్‌లో ఉండే విదేశీయుడు దీని పేరు కూడా వినకుండా పదేళ్ళు బతికేయగలడు. అయోమోరిలో వేరు. మంచు ఎక్కడ పోయాలి, కాలవ జాలీ ఎన్నింటికి తెరవాలి, బండి మీ వీధికి రావట్లేదని ఎవరు ఫిర్యాదు చేయాలి, ఇవన్నీ ఆ సంఘం చేతుల మీదుగా జరుగుతాయి. హక్కు ఉంది కదా అని చేరకపోతే చట్టం మిమ్మల్ని ఏమీ అనదు. జనవరి అంటుంది. నా సలహా అడిగితే, నెలకు కొన్ని వందల యెన్‌ల చందాకు ఇంతకంటే పనికొచ్చే బీమా ఆ ఊళ్ళో లేదు.

భాష ఇంకో చిక్కుముడి. క్లాసులో నేర్చుకున్నది టోక్యో జపనీస్. పేట పెద్దాయన మాట్లాడేది త్సుగారు అనే అక్కడి యాస, అది టోక్యోవాళ్ళకే సగం అర్థం కాదు. కాబట్టి అర్థం కాకపోతే సిగ్గుపడాల్సింది లేదు. నోటీసు కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసి అనువాదం చేసుకోవచ్చు, మాట కంటే కాగితం నయం.

కప్పుల సంగతికి వద్దాం, ఎందుకంటే ప్రాణాలు పోయేది అక్కడే. 2005-06 చలికాలంలో జపాన్ మొత్తం మీద మంచు వల్ల 152 మంది చనిపోయారు. ఎక్కువమంది తుఫానులో చిక్కుకున్నవాళ్ళు కాదు. తమ ఇంటి మంచు తీస్తూ కప్పు మీంచి జారిపడ్డ, లేదా కప్పు మీంచి జారిన మంచు కింద కూరుకుపోయిన వృద్ధులు. పిల్లలు టోక్యో వెళ్ళిపోయారు, ఇంట్లో మిగిలింది డెబ్బై దాటిన మనిషి, నిచ్చెన వేసుకుని ఎక్కక తప్పదు. 2025 జనవరి మొదట్లో అయోమోరిలో మంచు మీటరు దాటి పేరుకుపోయినప్పుడు విపత్తు సహాయ చట్టాన్ని వాడి, సొంతంగా కప్పు దులుపుకోలేని వాళ్ళకు సాయం అందించాల్సి వచ్చింది. ఆ వీధిలో పాతికేళ్ళ విదేశీయుడు ఒక్కడే కుర్రాడు కావడం ఇప్పుడు వింతేమీ కాదు. పార పట్టుకుని పక్కింటి ముసలావిడ వాకిలి కూడా తీసేస్తే, మరుసటి రోజు మీ గుమ్మంలో యాపిల్స్ సంచీ ఉంటుంది. దేశంలో పండే యాపిల్స్‌లో సగానికి పైగా ఈ జిల్లావే మరి. ఒంటరిగా కప్పు మాత్రం ఎక్కొద్దు, ఎవరు బతిమాలినా సరే.

దీనికే ఇంకో తోక ఉంది. జపాన్‌లో పాడుబడ్డ ఇళ్ళు కారు ధరకే వస్తున్నాయని వీడియోలు చూసి ముచ్చటపడేవాళ్ళు ఎక్కువయ్యారు. విదేశీయులు కొనొచ్చు, ఆంక్ష లేదు, నిజమే. కానీ ఇల్లు కొన్నంత మాత్రాన వీసా రాదు. అతిథి గృహం పెట్టి వ్యాపార వీసా తెచ్చుకుందామంటే, 2025 అక్టోబరు నుంచి దానికి కావలసిన పెట్టుబడిని 50 లక్షల యెన్‌ల నుంచి 3 కోట్లకు పెంచేశారు. ఇక ఇల్లు కొనేసి మీరు ఇండియాలో కూర్చుంటే, ఆ కప్పు మీద మీటరు మంచు చదరపు మీటరుకు 300 కిలోల బరువుతో కూర్చుంటుంది. అది పక్కింటి మీదికి కూలితే నష్టపరిహారం ఓనరు నెత్తినే పడుతుంది. ఇల్లు చవగ్గా రావడానికి కారణం చాలాసార్లు ఈ బరువే.

ఇంటి లోపలి చలి గురించి కూడా మాట్లాడాలి, అది బయటి చలి కంటే మోసం. జపాన్‌లో కొత్తగా కట్టే ప్రతి ఇల్లూ ఉష్ణాన్ని నిలుపుకునే ప్రమాణాలు పాటించాలన్న నిబంధన 2025 ఏప్రిల్ నుంచే వచ్చింది. అంటే మీకు అద్దెకు దొరికే పాత ఇల్లు వేడిని జల్లెడలా వదిలేస్తుంది. వెచ్చదనం ఇచ్చేది ప్రధానంగా కిరసనాయిలు. మన దగ్గర రేషన్ షాపులోంచి కూడా మాయమైపోయిన కిరసనాయిలు అక్కడ చలికాలపు ప్రాణాధారం. 18 లీటర్ల ఎర్ర ప్లాస్టిక్ డబ్బా, రెండు వేల యెన్‌లు అటూ ఇటూ, బాగా చలి ఉన్న వారం ఒక డబ్బా సరిపోదు. పొగ బయటికి పోయే గొట్టం ఉన్న స్టవ్ అయితే ఆ గొట్టం మూతి మంచులో పూడిపోకుండా రోజూ చూసుకోవాలి, లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి తిరిగొస్తుంది. వాసన రాదు, నిద్రలోనే పోతారు.

పైపుల పని ఇంకా సున్నితం. రాత్రి ఉష్ణోగ్రత మైనస్ 4 కిందికి దిగుతుందని వార్తల్లో చెప్పారంటే, లేదా రెండు రోజులు ఊరెళ్తున్నారంటే, పైపుల్లో నీళ్ళు ఖాళీ చేయాలి. మిజునుకి అంటారు. ముందు నేల దగ్గరో బాత్రూం గోడకో ఉండే వాల్వ్ కట్టేయాలి, తర్వాత ఇంట్లో ఉన్న కుళాయిలన్నీ తిప్పాలి, టాయిలెట్ ట్యాంకు నీళ్ళు వదిలేయాలి, వాషింగ్ మెషీన్ గొట్టం మర్చిపోకూడదు. కుళాయి మూతి గాలి పీల్చుకుంటున్న చిన్న శబ్దం వస్తే పైపు ఖాళీ అయినట్టు. పొద్దున్నే ముందు కుళాయిలన్నీ కట్టాకే వాల్వ్ తెరవాలి, వరస తప్పితే ఇల్లంతా జలమయం. చేయకపోతే పైపు పగులుతుంది, రిపేరు ఖర్చు చాలా చోట్ల అద్దెకున్నవాడి మీదే పడుతుంది. ఇల్లు చూపించిన రోజే ఆ వాల్వ్ ఎక్కడుందో చూపించమని అడిగి, వీడియో తీసుకోండి.

అసలు ఇల్లు దొరకడమే ఒక గండం. జపాన్ న్యాయశాఖ చేయించి 2017లో ప్రకటించిన సర్వేలో, ఇల్లు వెతికిన విదేశీయుల్లో 40 శాతానికి దగ్గరగా, విదేశీయుడివన్న కారణంతో తిరస్కరించారని చెప్పారు. అయోమోరి దేశంలోనే విదేశీయులు అతి తక్కువ శాతం ఉన్న జిల్లాల్లో ఒకటి, ఓనర్లకు మనతో అనుభవం ఉండదు. వాళ్ళ భయాల్లో పైపులు పగలడం, చెత్త, మంచు ముందుంటాయి. కంపెనీ ఇల్లు ఇస్తే ఈ తలనొప్పి తప్పుతుంది, కానీ అప్పుడు ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది, అది కూడా ఫిబ్రవరిలో కావచ్చు.

డబ్బు లెక్క. 2025 పెంపు తర్వాత అయోమోరి జిల్లాలో కనీస వేతనం గంటకు 1,029 యెన్‌లు, టోక్యోలో 1,226. రోజుకు 8 గంటలు, నెలకు 22 రోజులు చేస్తే తేడా 34 వేల యెన్‌ల పైన. అద్దె బాగా తక్కువ కాబట్టి సరిపోతుందని ఏజెంట్లు చెప్తారు, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అది నిజం కూడా. నవంబరు నుంచి మార్చి దాకా కిరసనాయిలు, మంచు టైర్లు, కారు అన్నీ కలుపుకుంటే ఆ మిగులు ఆవిరైపోతుంది. ప్రభుత్వ ఉద్యోగులకు చలి ప్రాంతాల్లో ఆ ఐదు నెలలూ ప్రత్యేక భత్యం ఇస్తారు. ప్రైవేటులో ఇవ్వాలన్న రూలు లేదు, అడిగినవాళ్ళకు ఇచ్చే కంపెనీలున్నాయి.

కారు ఎందుకంటే, బస్సు గంటకొకటి, మంచు పడితే అదీ ఆలస్యం, తెల్లవారుజాము షిఫ్టుకు బస్సే ఉండదు. మనకు ఒక అదృష్టం, అక్కడా ఎడమవైపే నడపాలి. అంతర్జాతీయ పర్మిట్‌తో గరిష్ఠంగా ఏడాది నెట్టుకురావచ్చు, తర్వాత మన లైసెన్సును వాళ్ళ లైసెన్సుగా మార్చుకోవాలి. ఇదివరకు 10 ప్రశ్నలకు 7 చెప్తే రాత పరీక్ష పాసయ్యేవాళ్ళు. 2025 అక్టోబరు నుంచి 50 ప్రశ్నలు, 90 శాతం రావాలి, ఆపైన డ్రైవింగ్ పరీక్ష. కాబట్టి దిగిన మొదటి వేసవిలోనే మొదలుపెట్టాలి. ఇంకో రెండు చిన్న విషయాలు: గడ్డకట్టే రాత్రి హ్యాండ్ బ్రేక్ లాగొద్దు, పొద్దున్నే ఊడిరాదు. మంచులో ఇరుక్కుపోతే ఇంజిన్ ఆన్ చేసి కూర్చునే ముందు వెనక సైలెన్సర్ చుట్టూ మంచు తీయండి, లేకపోతే పొగ కారులోకే వస్తుంది.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది వీసా రకం, ఎందుకంటే ఈ ఊరు నచ్చకపోతే వెళ్ళిపోయే స్వేచ్ఛ దాని మీదే ఆధారపడుతుంది. ఇంజినీరింగ్ లాంటి వృత్తి వీసా ఉన్నవాళ్ళు ఉద్యోగం మారి టోక్యో వెళ్ళిపోవచ్చు. 2019లో వచ్చిన ప్రత్యేక నైపుణ్య వీసాతోనూ అదే రంగంలో మారొచ్చు, కాకపోతే కొత్త కంపెనీ కుదిరి అనుమతి వచ్చేదాకా ఆగాలి. సాంకేతిక శిక్షణ పేరుతో వచ్చినవాళ్ళకు యజమాని మారడం దాదాపు కుదరదు, మంచులో ఇరుక్కున్నట్టే లెక్క. ఆ పథకాన్ని ఎత్తేసి కొత్తది తేవాలని 2024లో చట్టం చేశారు, 2027 ఏప్రిల్ నుంచి అమలు. అందులో రంగాన్ని బట్టి ఒకటి రెండేళ్ళు పనిచేశాక, భాషా పరీక్ష లాంటి షరతులతో, యజమానిని మార్చుకోవచ్చు. అయోమోరి లాంటి జిల్లాలకు ఇదే గుబులు. తమ ఖర్చుతో శిక్షణ ఇచ్చి మంచు తీయడం నేర్పించాక కుర్రాడు టోక్యో రైలెక్కేస్తాడేమోనని. ఈ గుబులు పనివాడికి బేరం ఆడే బలం. అంతకుముందు వచ్చినవాళ్ళకు ఆ బలం లేదు.

అందుకని ఆఫర్ లెటర్‌లో అయోమోరి అని కనిపిస్తే జీతం అంకె ఒక్కటే చూసి సంతకం పెట్టొద్దు. ఇంటర్వ్యూ చివర్లో ఏమైనా అడగాలనుకుంటున్నారా అంటారు కదా, అప్పుడు అడగండి: ఇల్లు కంపెనీదా, దాని పార్కింగ్‌లో మంచు ఎవరు తీస్తారు, కిరసనాయిలుకు భత్యం ఉందా, మంచు వల్ల బస్సు ఆగి డ్యూటీకి ఆలస్యమైతే జీతం కోస్తారా, లైసెన్సు మార్చుకోవడానికి సెలవిస్తారా. తడుముకోకుండా జవాబు చెప్పే కంపెనీ ఇంతకుముందు విదేశీయుల్ని చలికాలం దాటించిందన్నమాట. అవన్నీ వచ్చాక చూసుకుందాం అంటే, సెప్టెంబరులో కాకుండా ఏప్రిల్లో చేరేలా తేదీ మార్పించుకోండి, కనీసం ఏడు నెలల టైమ్ దొరుకుతుంది.